కార్బొరేటర్ మారుతి 800కు ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు: ముందు లోపం పట్టండి, ఆ తర్వాతే మార్చండి

మే నెల ఎండలో హైవే మీద గంటసేపు నడిచి, టీ కోసం పది నిమిషాలు ఆపిన కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) ఉన్న పాత మారుతి 800 మళ్లీ స్టార్ట్ కాకుండా మొండికేయడం ఈ బండి ఉన్నవాళ్లకు కొత్త కాదు. సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ అందుకోదు. బానెట్ ఎత్తి పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేస్తే కాసేపటికి అందుకుంటుంది. దాంతో చాలామంది పంపే పోయిందని తేల్చేసి కొత్తది వేయిస్తారు. అదీ ఎండకు అలాగే చేస్తే ‘ఎలక్ట్రిక్ పంపు పెట్టేద్దాం’ అంటారు.

ఎలక్ట్రిక్ పంపు ఆలోచన మంచిదే. కానీ దాన్ని ఎందుకు పెడుతున్నామో తెలియకుండా పెడితే బండి బాగుపడకపోగా ప్రమాదకరంగా తయారవుతుంది. ఈ కారుకు పెద్ద పంపు అక్కర్లేదు. కావలసినవి మూడు: వేడికి దూరంగా, ట్యాంకు పక్కన ఉండే పంపు, కార్బొరేటర్ తట్టుకోగల తక్కువ ప్రెషర్, ఇంజిన్ ఆగిన వెంటనే పంపును ఆపేసే వైరింగ్. మూడోది వదిలేసి మొదటి రెండూ చేసిన బండ్లే ఎక్కువ కనిపిస్తాయి. ఆ మూడోదాని గురించే ఇక్కడ ఎక్కువ రాశాను.

ముందు లెక్క చూద్దాం. 796 సీసీ, మూడు సిలిండర్లు, శక్తి 40 హార్స్‌పవర్ లోపే. పెట్రోల్ ఇంజిన్ పూర్తి లోడు మీద హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.32 లీటరు తాగుతుందనుకుంటే, యాక్సిలరేటర్ నేలకు తొక్కి ఉంచినా ఈ ఇంజిన్‌కు గంటకు 13 లీటర్లు దాటదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో, లీటరుకు 16 కిలోమీటర్ల మైలేజీతో పోతుంటే తాగేది గంటకు 5 లీటర్లే. ఇంజిన్ తిరుగుడుతోనే నడిచే పాత మెకానికల్ పంపు ఆరోగ్యంగా ఉంటే దీన్ని సునాయాసంగా ఇస్తుంది. అంటే పరిమాణం ఇక్కడ సమస్యే కాదు. ప్రెషరే అసలు విషయం. కార్బొరేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె (బౌలు) నిండగానే దారి మూసే ఫ్లోట్ సూది ఆపగలిగేది చదరపు అంగుళానికి 3, 4 పౌండ్లు, అంటే 3, 4 పీఎస్‌ఐ. కిలోల్లో చెప్పాలంటే చదరపు సెంటీమీటరుకు 0.2 నుంచి 0.3 కిలో. స్క్రాపులో చౌకగా దొరుకుతుంది కదా అని ఎంపీఎఫ్‌ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) కారు పంపు తెచ్చి పెట్టేవాళ్లున్నారు. దాని ప్రెషర్ 3 కిలోలకు తక్కువ ఉండదు, అంటే 43 పీఎస్‌ఐ పైమాటే. సూది ఆ ఒత్తిడికి నిలబడదు. పెట్రోల్ బౌలు దాటి కార్బొరేటర్ గొంతులోకి, అక్కడినుంచి వేడి ఇంజిన్ మీదకు పారుతుంది. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

పంపు పోయిందని ఎలా తెలుస్తుంది

చేతులు పెట్టే ముందు కొన్ని జాగ్రత్తలు. బండి ఆరుబయట ఉండాలి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువైనది, నేల వెంట పాకుతుంది. మూసిన గ్యారేజీలో, వంటింటి పక్క వరండాలో, ఇన్వర్టర్ దగ్గర ఈ పని వద్దు. పొడి రకం అగ్నిమాపక సిలిండర్, కనీసం 2 కిలోలది, చేతికి అందేంత దూరంలో పెట్టుకోండి. పెట్రోల్ పట్టడానికి మూతున్న లోహపు డబ్బా వాడండి, నీళ్ల సీసాలు వద్దు. సెల్ఫ్ కొట్టి చూసే పరీక్షలు తప్ప మిగతా అన్నిటికీ బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

మొదటి పరీక్షకు స్పానర్ కూడా అక్కర్లేదు. బండి జర్కులిస్తూ ఆగిపోగానే ట్యాంకు మూత తిప్పండి. ‘స్’మంటూ గాలి లోపలికి పోయి, ఆ తర్వాత బండి మామూలుగా నడిస్తే లోపం పంపులో లేదు, ట్యాంకు గాలి పీల్చుకునే దారి మూసుకుపోయింది. మూతలో వాల్వు గానీ, ట్యాంకు ఆవిరి గొట్టం గానీ శుభ్రం చేస్తే సరిపోతుంది.

తర్వాత ఫిల్టర్. బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉందా చూడండి. లోపల గోధుమరంగు పొడి కనిపిస్తే ట్యాంకు తుప్పు పట్టినట్టు. అప్పుడు ఫిల్టర్ ఒక్కటే మారిస్తే కొద్ది రోజుల్లో మళ్లీ అదే కథ. ట్యాంకు దింపి కడిగించాల్సిందే.

అసలు పరీక్ష డబ్బా పరీక్ష. మెకానికల్ పంపుకు వచ్చే గొట్టం విప్పి, కొత్త గొట్టం ముక్క తొడిగి, రెండో కొసను లీటరు పెట్రోల్ ఉన్న డబ్బాలో ముంచండి. డబ్బాను ఎగ్జాస్టుకు, వైర్లకు దూరంగా, బానెట్ బయట కదలకుండా కట్టండి. బండి నడపకూడదు, నిలబెట్టే రేస్ చేసి చూడాలి. ఇలా సాఫీగా తిరిగితే పంపు బాగానే ఉంది. లోపం వెనకవైపు ఉంది: ట్యాంకులో జల్లెడ, అడుగున పోయే ఇనుప పైపు, మధ్యలో రబ్బరు ముక్కలు. రబ్బరు ముక్క పగిలితే బయటికి పెట్రోల్ కారదు, లోపలికి గాలి లాగుతుంది. అందుకే తడి కనిపించదు, ఎవరికీ అనుమానం రాదు. ‘పంపుకు ఎయిర్ పట్టింది’ అని షెడ్డులో అనేదానికి చాలాసార్లు కారణం ఇదే. ఈ పరీక్ష చేయకుండా పంపు కొనొద్దు.

డబ్బా పెట్టినా తీరు మారకపోతే పంపు ఇచ్చే పెట్రోల్‌ను కొలవాలి. కార్బొరేటర్ దగ్గర గొట్టం విప్పి కొలత గుర్తులు పెట్టుకున్న లోహపు డబ్బాలోకి పెట్టండి. స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే పాజిటివ్ తీగ విప్పేయండి. ప్లగ్ వైరు లాగి వదిలేస్తే స్పార్క్ ఎక్కడో ఒకచోట దూకుతుంది, పక్కనే పెట్రోల్ ఉంది, అందుకే కాయిల్ తీగే తీయాలి. పక్కన ఒక మనిషిని పెట్టుకుని 15 సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. గంటకు 13 లీటర్లంటే 15 సెకన్లకు 54 మిల్లీలీటర్లు. సెల్ఫ్ వేగంలోనే 50 మిల్లీలీటర్లు, గట్టిగా చిమ్ముతూ వస్తే ఆ పంపు ఈ ఇంజిన్‌కు చాలు. బుడగలతో వస్తే గాలి లాగుతోంది. అసలు రాకుండా చుక్కలు పడుతుంటే డయాఫ్రం (పంపులో పెట్రోల్‌ను లాగి నెట్టే రబ్బరు పొర) చిరిగి ఉండాలి, లేదా లోపలి వాల్వులు సరిగా మూసుకోవడం లేదు.

ప్రెషర్ చూడటానికి 0 నుంచి 1 కిలో వరకే ఉండే గేజ్ కావాలి. టైరు గేజ్, ఎంపీఎఫ్‌ఐ గేజ్ 10 కిలోల వరకు ఉంటాయి, 0.2 కిలో దగ్గర ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు. టీ జాయింటుతో కార్బొరేటర్ ముందు కలిపి, ఇంజిన్‌ను స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచి చూడండి. ఇంజిన్ ఆపాక ముల్లు వెంటనే సున్నాకు పడిపోతే పంపు వాల్వులు గానీ, ఫ్లోట్ సూది గానీ ఒత్తిడిని ఆపడం లేదు.

పంపు అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ పెట్రోల్ తడి ఉంటే డయాఫ్రం చిరిగింది. ఆ తర్వాత తప్పకుండా చూడాల్సింది ఆయిల్ డిప్‌స్టిక్. పెట్రోల్ వాసన వస్తున్నా, ఆయిల్ మట్టం పోసినదానికంటే పెరిగినా, చిరిగిన డయాఫ్రం గుండా పెట్రోల్ ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపులోకి పోతోంది. ఆ బండిని ఇంక ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. పంపు మార్చాక ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ రెండూ మార్చాలి.

ఎల్‌పీజీ కిట్ ఉన్న బండి అయితే పంపుకు, కార్బొరేటర్‌కు మధ్య పెట్రోల్ సోలనాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే వాల్వు, ఉంటుంది. దాని మీద వేలు పెట్టి పెట్రోల్ మోడ్‌కు మారిస్తే ‘టక్’మని తెరుచుకోవడం తెలియాలి. పాతదైతే చెత్త చేరి సగమే తెరుచుకుంటుంది, అప్పుడు బండి ఎత్తు ఎక్కదు, సమతలంలో బాగానే పోతుంది. పంపు పోయినా అచ్చం ఇలాగే చేస్తుంది.

ఇక వేడి విషయం. వేడెక్కాకే మొండికేస్తోందంటే రెండు అనుమానాలు: పెట్రోల్ ఆవిరవడం, ఇగ్నిషన్ కాయిల్ లేదా ఇగ్నైటర్ వేడికి చచ్చుబడటం. తడిగుడ్డ పంపు మీద వేస్తే నీళ్లు పక్కనున్న భాగాల మీదా పడతాయి, అందుకే గుడ్డ వైద్యం రుజువు కాదు. మొండికేసినప్పుడే స్పార్క్ టెస్టరుతో చూడండి. నీలం రంగు స్పార్క్ బలంగా వస్తుంటే పెట్రోల్ వైపు వెళ్లండి, లేకపోతే ఈ వ్యాసం మీ బండికి కాదు.

ఎండకు పెట్రోల్ ఎందుకు ఆవిరవుతుంది, పంపును వెనక్కి మారిస్తే ఎందుకు తగ్గుతుంది

పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలవుతాయి. ఆగిన ఇంజిన్ మీద గాలి ఆడదు, బానెట్ కింద వేడి పేరుకుంటుంది. మెకానికల్ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ఆ వేడంతా దానికి తగులుతుంది. పైగా ఆ పంపు వెనక ట్యాంకు నుంచి పెట్రోల్‌ను లాగుతుంది. లాగుతున్న గొట్టంలో ఒత్తిడి బయటి గాలికంటే తక్కువ. ఒత్తిడి తగ్గితే ద్రవం ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. గొట్టంలో ఆవిరి చేరాక డయాఫ్రం దాన్నే నొక్కుతుంది, వదులుతుంది, పెట్రోల్ మాత్రం ముందుకు రాదు.

పంపును ట్యాంకు పక్కన పెడితే లెక్క తిరగబడుతుంది. లాగే దూరం జానెడు, నెట్టే దూరం మిగతా అంతా. గొట్టం పొడవునా ఒత్తిడి ఉంటుంది కాబట్టి మరిగే వేడి పెరుగుతుంది. ఎలక్ట్రిక్ పంపు వల్ల నిజంగా వచ్చే లాభం ఇదే. అదే ఎలక్ట్రిక్ పంపును పని సులువని బానెట్ కింద, పాత పంపు ఉన్న చోటే బిగిస్తే ఈ లాభం మొత్తం పోయినట్టే.

పంపు తీర్చలేని వేడి సమస్య ఒకటుంది. ఇంజిన్ ఆపాక కార్బొరేటర్ బౌలులోని పెట్రోలే మరిగి మానిఫోల్డులోకి (ఇంజిన్‌లోకి పోయే దారిలోకి) పొంగితే ఇంజిన్ ఓవర్‌ఫ్లో అవుతుంది. అప్పుడు పెట్రోల్ తక్కువై కాదు, ఎక్కువై స్టార్ట్ కాదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే నల్లపొగతో అందుకుంటే ఇదే కారణం. కార్బొరేటర్ కింద వేడి ఆపే ఇన్సులేటర్ గ్యాస్కెట్ పగిలిందేమో చూసి మార్చాలి. పంపు మార్చి లాభం లేదు.

ఇథనాల్ సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లు 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌ను తట్టుకునే రబ్బరుతో వస్తున్నాయి. కార్బొరేటర్ మారుతి దానికి ఇరవై ఏళ్ల ముందుది. దాని గొట్టాలు, డయాఫ్రం, కార్బొరేటర్ ఓ రింగులు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, తర్వాత ఆరినప్పుడు పగులుతుంది. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది, ట్యాంకు గోడలకు అంటుకున్న ఏళ్లనాటి జిగురును కూడా వదిలిస్తుంది. బాగా నడుస్తున్న బండిలో ఉన్నట్టుండి ఫిల్టర్ పదే పదే మూసుకుపోవడానికి ఒక కారణం ఇది. అందుకే పంపు పని మొదలుపెట్టినప్పుడే గొట్టాలన్నీ మార్చేయడం మంచిది. గొట్టం మీద ఎస్‌ఏఈ జే30ఆర్9 అని అచ్చు ఉంటే లోపలి పొర ఫ్లోరో రబ్బరు, ఇథనాల్‌ను తట్టుకుంటుంది. అచ్చులేని నల్ల గొట్టం ఎంత మెరుస్తున్నా వద్దు. లోపలి వ్యాసం సాధారణంగా 6 మి.మీ. సరిపోతుంది, అయినా మీ బండి ఇనుప పైపు కొలిచి, దానికి బిగుతుగా పట్టేదే కొనండి. జే30ఆర్9 గొట్టం ట్యాంకు బయటే వాడాలి, పెట్రోల్‌లో మునిగి ఉండేచోటికి పనికిరాదు.

ఏ పంపు కొనాలి

కార్బొరేటర్ బండ్లకని చేసిన చిన్న చతురస్రపు 12 వోల్టుల పంపులుంటాయి. టకటకమని కొట్టుకుంటాయి. ఫేసెట్ బ్రాండు లాంటి మంచి రకాలున్నాయి, వాటిని చూసి చేసిన చౌక నకళ్లూ ఉన్నాయి. డబ్బా మీద చూడాల్సింది ప్రెషర్. ఒకే ఆకారంలో 1.5 నుంచి 4 పీఎస్‌ఐ రకం ఉంటుంది, 4 నుంచి 7 పీఎస్‌ఐ రకం ఉంటుంది. మనకు కావలసింది మొదటిది. గంటకు 60 లీటర్లు, 100 లీటర్లు అనే అంకెలు చూసి మురిసిపోవద్దు, అవి ఎదురు ఒత్తిడి లేనప్పుడు కొలిచినవి, పైగా మన అవసరం 13 లీటర్లే.

ఎక్కువ ప్రెషర్ పంపు తెచ్చి ముందు రెగ్యులేటర్ పెట్టడం కూడా ఒక దారి. కానీ 1 నుంచి 6 వరకు అంకెలున్న చౌక డయల్ రెగ్యులేటర్‌ను నమ్మలేం. అంకె 3 దగ్గర పెడితే గేజ్ 5 చూపించడం మామూలే. పెట్టేటట్టయితే గేజ్‌తో సరిచూసి తీరాలి. సరైన పంపు కొంటే ఆ జాయింట్లు, ఆ లీకులు ఉండవు.

బిగించడం

పంపును ట్యాంకు దగ్గర, వీలైతే పెట్రోల్ మట్టానికి కిందుగా, బాడీ ఛాసిస్ ముక్కకు బిగించాలి. ఈ పంపులు నెట్టడంలో బలమైనవి, లాగడంలో బలహీనమైనవి. బయటికి పోయే మూతి పైకి వాలి ఉంటే లోపల గాలి నిలవదు. ఎగ్జాస్టుకు కనీసం జానెడు దూరం, చక్రం విసిరే రాళ్లకు చాటు ఉండాలి. రబ్బరు బుష్‌లు వేయకపోతే ఆ టకటక బాడీ మొత్తానికి పాకుతుంది. డిక్కీలోపల గానీ, సీటు కింద క్యాబిన్‌లో గానీ బిగించొద్దు. ఒక్క జాయింటు కారినా ఆవిరి మనుషుల మధ్య చేరుతుంది.

పంపుకు ముందు ముతక ఫిల్టర్, కార్బొరేటర్‌కు ముందు సన్న ఫిల్టర్. సన్నది పంపు ముందు పెడితే కొంచెం మూసుకున్నా లాగే వైపు ఒత్తిడి పడిపోయి మళ్లీ ఆవిరి తయారవుతుంది. స్క్రూ తిప్పి బిగించే క్లిప్పులకు బదులు అంచు నున్నగా ఉండే బోల్టు క్లిప్పులు వాడండి. మొదటి రకం గొట్టాన్ని కోస్తుంది.

చాలా బండ్లలో మెకానికల్ పంపుకు మూడో చిన్న మూతి ఉంటుంది, అది ట్యాంకుకు తిరిగిపోయే రిటర్న్. చాలామంది దాన్ని మూసేస్తారు. మూయకండి. కార్బొరేటర్ ముందు రిటర్న్ మూతి ఉన్న ఫిల్టర్ పెట్టి, రిటర్న్ దారిలో 1 నుంచి 1.5 మి.మీ. రంధ్రం ఉన్న ఇత్తడి జెట్ ఇరికించండి. కొంచెం పెట్రోల్ ఎప్పుడూ తిరుగుతూ గొట్టాన్ని చల్లగా ఉంచుతుంది, ఏర్పడిన ఆవిరి ట్యాంకుకు పోతుంది. రంధ్రం పెద్దదైతే ప్రెషర్ నిలవదు.

పాత పంపును తీసేసి, ఆ చోట 4, 5 మి.మీ. అల్యూమినియం పలకను కొత్త గ్యాస్కెట్‌తో బిగించాలి. పంపుకు, క్యామ్‌కు మధ్య పుష్ రాడ్ ఉంటే దాన్ని కూడా తీసి దాచండి. పాత పంపును అలాగే ఉంచి, ఎలక్ట్రిక్ పంపు పెట్రోల్‌ను దాని గుండానే పంపడం కొందరికి సులువు మార్గంగా కనిపిస్తుంది. అది చాలా చెడ్డ పద్ధతి. పాత డయాఫ్రం చిరిగిన రోజున ఎలక్ట్రిక్ పంపు ట్యాంకు పెట్రోల్‌ను ఆయిల్ సంపులోకి నెడుతుంది.

వైరింగ్: ప్రాణాలు కాపాడేది ఇక్కడే

మెకానికల్ పంపులో ఒక గొప్ప గుణం ఉంది. ఇంజిన్ ఆగితే అదీ ఆగుతుంది. బండి గుద్దుకుని గొట్టం తెగినా, బోల్తాపడినా పెట్రోల్ పోసేవాడు ఉండడు. ఎలక్ట్రిక్ పంపును తాళం తీగకు నేరుగా కలిపితే ఆ గుణం పోతుంది. ఇంజిన్ ఆగి, తాళం ఆన్‌లో ఉండి, మనిషి లోపల స్పృహ లేకుండా ఉంటే పంపు తెగిన గొట్టంలోంచి పోస్తూనే ఉంటుంది. అందుకే తాళానికి నేరుగా కలిపిన ఎలక్ట్రిక్ పంపును పూర్తయిన పనిగా ఒప్పుకోకూడదు.

మంచి మార్గం పల్సులను చూసే పంపు రిలే, అంటే స్పార్క్ పల్సులను బట్టి పంపు కరెంటును తనంతట తానే కలిపే, తెంపే స్విచ్. దానికి ఇగ్నిషన్ కాయిల్ నెగటివ్ నుంచి ఒక తీగ పోతుంది. తాళం ఆన్ చేయగానే రెండు సెకన్లు పంపును నడిపి ఆపుతుంది, ఇంజిన్ తిరుగుతూ స్పార్క్ పల్సులు వస్తున్నంతసేపే మళ్లీ నడుపుతుంది. పల్సులు ఆగిన ఒకటి రెండు సెకన్లలో కరెంటు తీసేస్తుంది. ఎల్‌పీజీ కిట్ స్విచ్ ఇంజిన్ ఆగగానే గ్యాస్ మూసేది కూడా ఈ సూత్రం మీదే. ఈ పద్ధతిలో పల్సు తీగ తెగిపోతే పంపు ఆగిపోతుంది. లోపం వచ్చినా సురక్షితమైన వైపుకే వస్తుంది.

ఆ రిలే దొరకకపోతే ఆయిల్ ప్రెషర్ స్విచ్‌తో చేయవచ్చు. డ్యాష్‌బోర్డు ఆయిల్ లైటు స్విచ్ ప్రెషర్ లేనప్పుడు ఎర్తుకు కలిసి ఉంటుంది, ప్రెషర్ రాగానే విడిపోతుంది. ఐదు కాళ్ల రిలే తీసుకుని, 86వ కాలుకు ఆయిల్ లైటుకు వచ్చే అదే ఇగ్నిషన్ ఫ్యూజు నుంచి తీగ, 85వ కాలును ఆయిల్ స్విచ్ తీగకు కలపండి. పంపు కరెంటు ఇగ్నిషన్‌తో వచ్చే ఫ్యూజు నుంచి 30వ కాలుకు వచ్చి, 87ఏ కాలు గుండా పంపుకు పోవాలి. ప్రెషర్ లేనప్పుడు రిలే లాగి 87ఏను విడదీస్తుంది, పంపు ఆగుతుంది. ప్రెషర్ రాగానే రిలే వదులుతుంది, పంపు నడుస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపు నడవాలంటే రెండో రిలే కావాలి: స్టార్టర్ సోలనాయిడ్‌కు పోయే సన్న తీగ నుంచి 86, ఎర్తుకు 85, ఫ్యూజు నుంచి 30, పంపుకు 87. స్టార్టర్ తీగను నేరుగా పంపు పాజిటివ్‌కు కలపొద్దు. ఇంజిన్ నడుస్తుండగా కరెంటు వెనక్కి పోయి స్టార్టర్‌ను లాగుతుంది, గేరు పళ్లు పోతాయి.

ఈ రెండో పద్ధతిలో ఒక లోపం ఉంది. ఆయిల్ స్విచ్ తీగ ఊడిపోతే పంపు ఆగకుండా నడుస్తుంది. తాళం ఆన్ చేసి స్టార్ట్ చేయకముందు ఆయిల్ లైటు వెలుగుతోందా అని రోజూ చూసే అలవాటు ఉండాలి. అది వెలగకపోతే రక్షణ లేనట్టే. అందుకే పల్సు రిలేకే నా ఓటు.

రెండిట్లో ఏది పెట్టినా అదనంగా ఇనర్షియా స్విచ్ పెట్టండి. గట్టి కుదుపు తగలగానే తెగి, పైనున్న బటన్ నొక్కేదాకా కలవని స్విచ్ అది. పాత ఫోర్డ్, ఫియట్ కార్లలో ఉండేది, స్క్రాపులో దొరుకుతుంది. పంపు పాజిటివ్ తీగలో వరసగా కలిపి, నిటారుగా, గట్టి లోహపు చోట బిగించాలి. ఎల్‌పీజీ ఉన్న బండిలో పంపు తీగను కిట్ స్విచ్ పెట్రోల్ వైపు నుంచే రిలే ద్వారా తీసుకోండి. లేకపోతే గ్యాస్ మీద నడిచినంతసేపూ పంపు మూసిన సోలనాయిడ్ మీద కొట్టుకుంటుంది.

తీగ 1.5 చదరపు మి.మీ. చాలు. ఈ పంపు లాగేది ఒకటిన్నర ఆంపియరు లోపు, ముందు నుంచి వెనక్కి 4 మీటర్ల తీగలో పోయేది 0.1 వోల్టు కూడా ఉండదు. ఫ్యూజు 5 ఆంపియర్లది, బ్యాటరీ వైపు కొసలో. ఎర్తును ట్యాంకు బోల్టుకు తగిలించొద్దు, రంగు గీకిన బాడీ చోట సొంత బోల్టుతో బిగించి పైన గ్రీజు రాయండి. పంపు నడుస్తుండగా దాని రెండు కాళ్ల మధ్య వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర ఉన్నదానికంటే అర వోల్టు పైగా తక్కువ ఉంటే ఎక్కడో జాయింటు బాలేదు. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు వానాకాలానికి పచ్చబడుతుంది, లోహపు కొసతో నొక్కి (క్రింప్ చేసి) స్లీవు వేయాలి. కరెంటు తీగను పెట్రోల్ గొట్టంతో కలిపి ఒకే టై కింద కట్టొద్దు.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు, తర్వాత

కార్బొరేటర్ వైపు గొట్టం డబ్బాలో పెట్టి, పంపుకు నేరుగా ఫ్యూజున్న తీగతో కరెంటు ఇచ్చి 30 సెకన్లు నడపండి. పంపు దగ్గర పెట్రోల్ ఉంటుంది కాబట్టి తీగ కలపడం, తీయడం బ్యాటరీ వైపు కొసలోనే చేయాలి. ఇంజిన్‌కు గరిష్ఠంగా కావలసింది 30 సెకన్లకు 110 మిల్లీలీటర్ల లోపే. గంటకు 60 లీటర్ల పంపు ఎదురు ఒత్తిడి లేకుండా 500 ఇవ్వాలి. 300 పైగా వస్తే దారి శుభ్రంగా ఉంది. 150 దగ్గర ఆగితే ట్యాంకు జల్లెడ చూడండి.

తర్వాత గొట్టం బిగించి ప్రైమ్ చేయండి, అంటే పంపు నడిపి గొట్టాలు, బౌలు నింపండి. పంపు ముందు వేగంగా టకటకలాడుతుంది, బౌలు నిండాక నెమ్మదిస్తుంది. ఎంతసేపటికీ నెమ్మదించకపోతే గాలి లాగుతోంది, లేదా బౌలు పొంగుతోంది. కార్బొరేటర్ అద్దం కిటికీలో పెట్రోల్ మట్టం గుండ్రటి గుర్తు దగ్గర నిలవాలి. గుర్తు దాటి ఎక్కుతుంటే వెంటనే ఆపండి. గేజ్ 4 పీఎస్‌ఐ లోపే చూపిస్తున్నా మట్టం ఎక్కుతోందంటే సూది, సీటు అరిగాయి, లేదా ఇంతకాలం కదలని చెత్త కొత్త పంపు ఒత్తిడికి వచ్చి సూది కింద ఇరుక్కుంది. పంపు మార్చిన మొదటి వారంలో వచ్చే ఓవర్‌ఫ్లోలకు చెత్తే ఎక్కువసార్లు కారణం. ఇనుప పైపును పంపు పెట్టేముందే గాలి కొట్టి శుభ్రం చేసి ఉంటే ఇది రాదు.

ఐదు నిమిషాలు స్లోలో వదిలి ప్రతి జాయింటును పొడి తెల్ల కాగితంతో తుడవండి. తర్వాత రక్షణ పరీక్షలు. తాళం ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా ఉంచండి, పంపు రెండు సెకన్లలో ఆగాలి, ఆయిల్ స్విచ్ పద్ధతిలో అయితే అసలు కదలకూడదు. నడుస్తున్న ఇంజిన్‌ను నాలుగో గేరులో బ్రేకు తొక్కి క్లచ్ వదిలి ఆపేయండి, తాళం ఆన్‌లోనే ఉండాలి. పల్సు రిలే అయితే రెండు సెకన్లలో, ఆయిల్ స్విచ్ అయితే ప్రెషర్ పడిపోగానే పంపు నిశ్శబ్దం కావాలి. ఇనర్షియా స్విచ్‌ను విప్పి అరచేతికేసి గట్టిగా కొట్టి చూడండి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా బండి రోడ్డెక్కకూడదు.

నడిపి చూడటానికి ఎండలో ఎక్కుడు దారి మంచిది. శ్రీశైలం ఘాట్ లాంటి చోట మూడో గేరులో తొక్కిపట్టి ఎక్కితే పెట్రోల్ అందడం లేదో ఉందో తేలిపోతుంది. జర్క్ లేకుండా లాగాలి. పైన పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. ప్లగ్గులు విప్పి చూస్తే లేత గోధుమరంగు ఉండాలి. మసి పట్టి నల్లగా ఉంటే మట్టం ఎక్కువైంది, కాలుష్య పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ అంకె కూడా అదే చెబుతుంది. ముందున్న మైలేజీ తగ్గినా అక్కడే వెతకాలి.

మొదటి 500 కిలోమీటర్ల తర్వాత ఫిల్టర్లు రెండూ మార్చి, క్లిప్పులన్నీ ఒకసారి బిగించండి. కొత్త గొట్టం మొదట్లో కొంచెం అణుగుతుంది. ఆ తర్వాత ఏటా వానలకు ముందు పంపు తీగల కనెక్టర్ విప్పి చూడటం, మూడు నాలుగేళ్లకోసారి రబ్బరు గొట్టాలు మార్చడం సరిపోతాయి. డిక్కీలో 5 ఆంపియర్ల ఫ్యూజులు రెండు, ఒక రిలే, ఒక ఫిల్టర్, మూరెడు గొట్టం, రెండు క్లిప్పులు ఉంచుకోండి.